పైపుల పిల్ల

మొన్న బీపీ మాత్రలు తెచ్చుకుందామని ఆటోలో పోతుంటే, మా అనంతపురంలో ఒక కూడలి దగ్గర కొత్త విగ్రహం కనిపించింది. బైకు గొలుసులు, గేరు చక్రాలు, తుప్పు పట్టిన బోల్టులు అతికించి చేసిన క్రికెట్ ఆటగాడు. బ్యాటు పైకెత్తి, మాత్రల కొట్టు వైపు గురి చూస్తూ నిలబడ్డాడు. ఆటో డ్రైవరు బండి నెమ్మది చేసి, "చూడండి మేడం, అంతా గుజిరీ సామానే. ఎంత బాగ చేసినారో!" అన్నాడు. పాత ఇనుమునీ పనికిరాని సామాన్లనీ మా వైపు గుజిరీ అంటారు. "నేనూ ఒకటి చేసినానప్పా, ఇంతకన్నా బాగుండేది" అందామని నోటిదాకా వచ్చింది. ఈలోగా వెనక సిటీ బస్సు వాడు హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు, ఆటో ముందుకు దూకింది, నా మాట నాలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక చెప్పుకుందామంటే ఇంట్లో నేను, కుక్కరు తప్ప ఎవరూ లేరు. అది కూడా తను చెప్పదలచుకున్నది చెప్పి ఊరుకునే రకమే గానీ వినే రకం కాదు. అందుకని మీకు చెప్తున్నాను.

ఉద్యోగం చివరి ఏళ్ళలో నన్ను బెళుగుప్పకు అవతల ఒక పల్లెలోని హైస్కూలుకు వేశారు. నేను డ్రాయింగు టీచర్ని. బడిలో డ్రాయింగు టీచరంటే ఎవరో తెలియనివాళ్ళ కోసం చెప్తాను. లెక్కల సారుకు పాఠాలు పూర్తికాకపోతే ఎవరి పీరియడ్ అడక్కుండా తీసుకుంటాడో ఆవిడే డ్రాయింగు టీచరు. పెళ్ళి పందిట్లో పూల కుండీని పక్కకు జరిపినట్టు నన్ను జరుపుతుండేవాళ్ళు. నేను స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బయట ఎండకు వంకర్లు తిరిగే గాలిని చూస్తూ ఉండేదాన్ని. ఆ ప్రాంతంలో చూడటానికి ఆ గాలే ఎక్కువ. ఎర్ర నేల, మధ్య మధ్య నల్ల నేల, కనుచూపు మేర దున్ని వానకోసం వదిలేసిన చేలు, దూరంగా కొండల మీద తిరుగుతున్న గాలిమరలు. ఆ గాలిమరలు తిరుగుతుంటే ఎక్కడో ఎవరికో కరెంటు వస్తుందట. మాకు మాత్రం మధ్యాహ్నం పూట పోయేది.

నాకు పెళ్ళి కాలేదు. కాకపోవడానికి పెద్ద కథేమీ లేదు, కుదరలేదు, అంతే. ఆ ఊళ్ళో నేను అద్దెకున్నది ఒకే ఇంటిని రెండుగా చేసిన దాంట్లో ఒక సగం. రెండో సగంలో ఇంటి యజమానురాలు ఉండేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది, నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను మేడం అనేది. వాళ్ళాయన బెంగుళూరులో ఏదో అపార్టుమెంటు గేటు దగ్గర కాపలా ఉండేవాడు, ఉగాదికి వచ్చి నాలుగు రోజులుండి పోయేవాడు. ఒక్క కూతుర్ని చిలమత్తూరు వైపు ఇచ్చారు. ఆమెకు మిగిలినవి రెండు ఎనుములు, అంటే గేదెలు, ఊరి బయట నాలుగెకరాల చేను, అందులో ఎండిపోయిన మూడు బోర్లు. మా ఇద్దరికీ మధ్య ఒక్క గోడ. ఆమె రాగి సంగటి కెలుకుతుంటే గిన్నెకు కర్ర తగిలే చప్పుడు నాకు వినిపించేది. నేను రేడియో పెడితే ఆమెకు వినిపించేది. ఒకసారి నేను దగ్గితే గోడ అవతలి నుంచి ఆమె కూడా దగ్గింది. పొద్దున ఎదురుపడితే "నీళ్ళొచ్చినాయా మేడం?" అనేది, "వచ్చినాయక్కా" అనేదాన్ని. పంచాయతీ కొళాయిలో నీళ్ళు రాని రోజైతే ఆ మాట కూడా ఉండేది కాదు. ఇద్దరం ఒంటరివాళ్ళమే అయినప్పుడు ఒకరి గడప ఒకరు ఎక్కడానికి ఏమైందని మీరు అడగొచ్చు. నేను పంతులమ్మనని ఆమెకు బెరుకు, నేను అద్దెకున్నదాన్నని నాకు బెరుకు. బెరుకుకు కారణం ఏదైనా సరిపోతుంది.

జూలైలో బడికి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి హైస్కూలూ పనికిరాని వస్తువులతో ఏదో ఒక ఆటను చూపించే బొమ్మ చేసి మండల కేంద్రానికి పట్టుకురావాలి, మనిషెత్తు ఉంటే మంచిది. హెడ్మాస్టరు ఆ కాగితం చదివి, ఒకసారి లెక్కల సారు వైపు, ఒకసారి సైన్సు సారు వైపు చూసి, చివరికి నా కుర్చీ గుర్తొచ్చి ఇటు తిరిగారు. "మేడం, ఇది మీ డిపార్టుమెంటే కదా!" అన్నారు. నాకొక డిపార్టుమెంటు ఉందని నాకు తెలిసింది ఆ రోజే. పైకి "చూద్దాం సార్" అన్నాను గానీ, లోపల మాత్రం చిన్నప్పుడు కొత్త రంగుల డబ్బా మూత తీసినప్పటి సంతోషం వచ్చింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లల్ని పోగేశాను. ఏ ఆట చేద్దామంటే ఖోఖో అని కొందరు, కబడ్డీ అని కొందరు. కబడ్డీకి కనీసం ఇద్దరు మనుషులు కావాలి, ఖోఖోకు ఎనిమిదిమంది కూర్చోవాలి, అంత గుజిరీ మన ఊళ్ళో లేదని చెప్పి, వాలీబాల్ సర్వీసు చేసే పిల్లను చేద్దామన్నాను. ఎడమ అరచేతిలో బంతి, వెనక్కి లాగిన కుడి చెయ్యి, కొంచెం వంగిన మోకాళ్ళు. ఆ క్షణంలో మనిషి ఒంట్లో ప్రాణమంతా అరచేతిలోకి వస్తుంది. బొమ్మ గీసేవాళ్ళకు అంతకంటే ఏం కావాలి?

సామాన్లు పిల్లలే తెచ్చారు. కరువు సీమలో పనికిరాని వస్తువులకు కొదవ ఉండదు. పగిలిపోయిన డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టలుగా వచ్చాయి. కాలిపోయిన బోరు మోటార్ల లోంచి తీసిన రాగి తీగ వచ్చింది. సైకిలు చక్రం, అడుగు చిల్లు పడిన సత్తు బిందె, తెగిన చెప్పులు, జల్లెడ. ఒక పిల్ల వాళ్ళ నాయన నడవని స్ప్రేయరు మోసుకొచ్చింది, మందు వాసన పోలేదని దాన్ని వాకిట్లోనే ఆపి వెనక్కి పంపాను. అన్నీ ఉన్నాయి గానీ కాళ్ళకు సరిపోయే గట్టి వస్తువు దొరకలేదు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, మా ఇంటి వెనక, పశువుల కొట్టానికి ఆనించి పెట్టిన లావు పైపులు కనబడ్డాయి. ఎండిపోయిన బోరులోంచి పైకి లాగేసిన పైపులవి. అన్నాళ్ళూ రోజూ చూస్తున్నవే, కాళ్ళుగా కనబడటం అప్పుడే. మొహమాటపడుతూ అడిగాను.

"ఎత్తుకోపోండి మేడం," అంది ఇంటి అక్క, ఎనుముకు కుడితి పెడుతూనే. "నీళ్ళు రాని పైపు కంటికి అగుపడితే నాకు కడుపు మంట. ఏం చేస్తారు దాన్నెత్తుకోని?"

"ఆడపిల్ల బొమ్మకు కాళ్ళు పెడతామక్కా."

ఆమె తల ఎత్తి నన్ను చూసి నవ్వింది. "మా బోరుకు కాళ్ళొస్తాయంటే నాకు సంతోషమే. అట్లనైనా నడిచి యాడికైనా పోనీ." కుడితి తొట్టి పాత మూత కూడా అదే ఊపులో ఇచ్చేసింది. అదే బొమ్మకు ఎదురు రొమ్ము అయింది.

బొమ్మ చేసిన రోజులు నా ఉద్యోగం మొత్తంలో మంచి రోజులు. వేపచెట్టు నీడలో, ఒంటిగంట దాటాక, పిల్లలూ నేనూ కింద కూర్చుని పైపుల్ని నీళ్ళలో వేడిచేసి వంచేవాళ్ళం. డ్రిప్పు పైపును కండరాలు చుట్టినట్టు చుట్టాలని నేను, చీర చుట్టినట్టు చుడితే తొందరగా అయిపోతుందని వాళ్ళు. రెండు జడలు అల్లి చివర ఎర్ర రిబ్బన్లు కట్టారు. బిందె బోర్లిస్తే తల అయింది. దానికి కళ్ళూ ముక్కూ పెట్టాలా వద్దా అన్నది పెద్ద తగువు. ఎవరి ముఖం పెట్టినా మిగతావాళ్ళు ఊరుకోరని గ్రహించి, ముఖం ఖాళీగా వదిలేయమన్నాను. మరుసటి రోజు చూస్తే బొట్టు మాత్రం పెట్టి ఉంది. ఎవరు పెట్టారంటే ఒక్కరూ నోరు విప్పలేదు. చేతులకు రాగి తీగ గీసుకుని మంటలు పుట్టేవి. ఇంటికి పోయి ఆ చేతులతో అన్నం తింటుంటే కారం తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగేవి, అయినా మర్నాడు ఎప్పుడవుతుందా అని ఉండేది.

ఇక బంతి. బడిలో చినిగిపోయిన వాలీబాల్ ఒకటి ఉంది, ఆటల సారు బీరువాలో. పేగులు బయటపడినా సరే అది ప్రభుత్వ సొత్తు, పై నుంచి మాట వచ్చేదాకా అది బంతే గానీ చెత్త కాదు, ఇవ్వడం కుదరదన్నాడాయన. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అప్పుడు ఒక పిల్ల ఇంట్లో మొక్కుబడికి తెచ్చి మిగిలిన కొబ్బరికాయ ఒకటి తెచ్చింది. చుట్టూ రాగి తీగ చుడితే గుండ్రంగానే ఉంటుంది కదా మేడం అంది. చుట్టాం. అడ్డంగా పెడితే అరచేతిలోంచి జారుతోందని నిలువుగా పెట్టి, కింది నుంచి గట్టిగా బిగించాం. పిలక పీకితే కాయ అశుభమని పిల్లలు ఒప్పుకోలేదు. పోనీ, బంతికి పిలక ఉంటే ఏం అని నేనూ ఊరుకున్నాను. ఆ ఊళ్ళో అన్నేళ్ళుండి కూడా, అరచేతిలో పిలక పైకి నిలబడిన కొబ్బరికాయ అక్కడివాళ్ళ కళ్ళకు ఏమిటో నాకు తట్టలేదు.

బొమ్మను బడి ఆవరణలో నిలబెట్టిన మరుసటి పొద్దున, మధ్యాహ్న భోజనం వండే ఆమె నీళ్ళ బిందెతో వస్తూ వస్తూ ఆగిపోయింది. బిందె దించి, చెప్పులు విడిచి, బొమ్మకు దండం పెట్టింది. "కాయ లేచి నిలబడుకోనుండాది చూడండమ్మా!" అని కేక వేసింది. మా వైపు బోరు వేసేముందు పాయింటు పెట్టిస్తారు, అంటే భూమిలో నీళ్ళెక్కడున్నాయో చూసేవాణ్ణి పిలిపిస్తారు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ దానంతటది లేచి నిలబడుతుందని నమ్మకం. ఆ యేడు జూలై సగం గడిచినా చినుకు లేదు, విత్తనం వేసే అదను దాటిపోతోంది, ఊరూరా పాయింటు పెట్టేవాళ్ళు కాళ్ళు నొప్పెట్టేలా తిరుగుతున్నారు. అటువంటప్పుడు బడి ముందు ఒక ఆడపిల్ల మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి వెనక్కి పెట్టి, రెండో చేతిలో లేచి నిలబడిన కొబ్బరికాయతో నిలబడింది. పైగా ఒళ్ళంతా బోరు సామానే. వాళ్ళను తప్పుపట్టడానికి ఏముంది?

సాయంత్రానికి బొమ్మ మెడలో వేపాకు దండ పడింది. మర్నాటికి పాదాల దగ్గర పసుపు నీళ్ళు. నేను మొదటి రోజు నుంచీ చెప్తూనే ఉన్నాను, ఇది వాలీబాల్ ఆట, అది బంతి, ఇది సర్వీసు అని. చేత్తో చేసి కూడా చూపించాను. వయసుమళ్ళిన ఒక రైతు నేను చూపించిన సర్వీసంతా శ్రద్ధగా చూసి, "మీరట్లనే చెప్పల్ల మేడం. నిజమైన పాయింటు మనిషి ఎప్పుడూ నాకేమీ తెలీదనే చెప్తాడు" అన్నాడు. పైగా ఓ పాజిటివ్ రక్తం ఉన్నవాళ్ళ చేతిలోనే కాయ లేస్తుందని మా జిల్లాలో ఒక నమ్మకం. "మీ రక్తం ఏం గ్రూపు మేడం?" అని ఇంకొకాయన అడిగాడు. నా మెడలో వేలాడే బడి గుర్తింపు కార్డు మీద అది అచ్చు వేసి ఉంది. ఓ పాజిటివే. ఆయన అది చదివి, పక్కవాళ్ళకు కూడా వినిపించేలా చదివి, ఇంక చెప్పడానికేముందన్నట్టు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. హెడ్మాస్టరు మాత్రం, బడి బోరు ఎండిపోయి ట్యాంకరు నీళ్ళు తాగుతున్నాం కదా మేడం, ముందు మన పాయింటు చూడమనండి అని నవ్వారు.

అన్నేళ్ళు నా గడప తొక్కనివాళ్ళు ఇప్పుడు రావడం మొదలుపెట్టారు. ఆకుకూర కట్ట పట్టుకుని ఒకరు, మజ్జిగ చెంబుతో ఒకరు. కూర్చునేవాళ్ళు, చేను గురించి చెప్పేవాళ్ళు, నేను కాదు కాదంటుంటే తల ఊపుతూ వినేవాళ్ళు. వాళ్ళు పోయాక గదిలో ఇంకొకరి వాసన మిగలడం నాకు కొత్త. చెప్పొద్దూ, నాకు బాగుండేది. ఆ వచ్చినవాళ్ళలో ఎవరూ బోరు వేయించే స్థితిలో లేరు, ఊరికే నాలుగు మాటలకు వచ్చేవాళ్ళు, కాబట్టి నాకు పెద్ద దిగులూ లేదు. అది కూడా మా ఇంటి అక్క నోరు విప్పేదాకానే.

ఒక సాయంత్రం ఆమె తన వైపు అరుగు మీంచి పీట తెచ్చుకుని నా వైపు వేసుకుంది. చాట నిండా విత్తనం శెనక్కాయలు. ఒలవడం మొదలుపెట్టి, నా ముఖం చూడకుండా, "నేను కూడా ఇంకొక బోరు ఏపిస్తాండా మేడం. పైపుల పిల్లను మా చేనికి ఎత్తకపోయి, కాయ చూపిచ్చిన తావున ఏపిస్తా. నా బోరు కాళ్ళ మీదనే కదా నిలబడుకోనుండాది, నాకు అబద్ధం చెప్పదు" అంది. దుడ్లెక్కడివి అక్కా అన్నాను. వచ్చే గురువారం ఎనుముల్ని చూసేకి మనిషి వస్తాండాడు, రెండిటినీ అమ్మేస్తానంది. ఆమెకు ఉన్న ఆధారం ఆ రెండు ఎనుములే. పొద్దున పాలు పోస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. నేను నా చేతుల్తో వంచిన పైపులు, నేను నిలువుగా బిగించిన కాయ ఆ ఎనుముల్ని మింగబోతున్నాయి.

వద్దక్కా అన్నాను. ఆమె కాయలు ఒలుస్తూనే పోయింది. మర్నాడు సాయంత్రం నేనే ఆమె అరుగు మీదికి వెళ్ళి కూర్చుని మళ్ళీ వద్దన్నాను. ఆ మర్నాడూ అంతే. నాకూ ఒక చాట ఇచ్చింది. వేళ్ళ చివర్లు పుండయ్యేదాకా కాయలు ఒలుస్తూ, బోరు ఎందుకు వేయకూడదో నాకు తెలిసినదంతా చెప్పేదాన్ని. ఆమె వింటూ వింటూ మధ్యలో ఇంకేదో ఎత్తుకునేది. కూతురు కాన్పుకు వచ్చినప్పుడు ఈ అరుగు మీదే ఉయ్యాల కట్టిన సంగతి. వాళ్ళాయన బెంగుళూరులో అపార్టుమెంటు వాళ్ళ కుక్కను నడిపించుకుపోయే సంగతి, ఆ కుక్క కన్నడం అర్థం చేసుకుంటుంది గానీ తెలుగులో పిలిస్తే రాదట. నేను కూడా ఎవరికీ చెప్పని సంగతులు చెప్పాను. కుదరని సంబంధాల్లో ఒక్కటి నాకు నచ్చిందనీ, ఆ అబ్బాయి మా ఇంట్లో కాఫీ తాగి గ్లాసు తనే లోపల పెట్టి వెళ్ళాడనీ చెప్పాను. "గ్లాసు పెట్టినాడా? అయ్యో, మంచోడే మేడం!" అని ఆమె చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఆ మాటకి నా కళ్ళు చెమ్మగిల్లాయి. చీకటి పడేది, లోపల దీపం వేయడం ఇద్దరికీ గుర్తుండేది కాదు. లేచే ముందు నేను మళ్ళీ, బోరు మాత్రం వద్దక్కా అనేదాన్ని. చూద్దాం లే మేడం అనేది.

గురువారం దగ్గర పడుతోంది. నా మాటలు పని చేయడం లేదని నాకు అర్థమైంది. చివరికి ఆదివారం మధ్యాహ్నం పట్కారు చేతబట్టుకుని ఒక్కదాన్నే బడికి వెళ్ళాను. కాయే లేకపోతే పాయింటే లేదు కదా. ఆవరణలో పిట్ట లేదు. బెంచీ లాక్కుని ఎక్కి, పిల్లలు ఎంతో బిగువుగా చుట్టిన రాగి తీగను ఒక్కొక్క చుట్టే తెంచాను. ఇంకో నాలుగు రోజుల్లో మండలానికి పోవాల్సిన బొమ్మ. నేను జీవితంలో ఇంతవరకు, ఇది నాది అని చెప్పుకోగలిగిన వస్తువు అదొక్కటే. కాయ ఊడి నా చేతిలోకి వచ్చింది. ఖాళీ అరచెయ్యి చాపి నిలబడిన పిల్ల ఎవరినో ఏదో అడుగుతున్నట్టుంది. బెంచీ మీదే కూర్చుండిపోయాను.

"ఏం పని మేడం, ఎండలో?" వెనక ఇంటి అక్క. నేను పట్కారుతో బయలుదేరడం చూసి వెంట వచ్చిందట. నా చేతిలో కాయను చూసింది, బొమ్మ చేతిని చూసింది.

"ఇది బంతి అక్కా," అన్నాను. "ఉత్త బంతి. ఇది వాలీబాల్ ఆడే పిల్ల. దీన్ని నమ్ముకుని ఎనుముల్ని అమ్ముకోవద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు తెలీదా మేడం? దాని రొమ్ము మా కుడితి తొట్టి మూత. దానికేం తెలుస్తాది నీళ్ళ సంగతి!" అంది. "నేను బోరు ఏపిచ్చేది లేదు, ఏమీ లేదు. చేను గుత్తకిచ్చేసినా, విత్తనం కూడా ఆయప్పకే. ఎనుముల్ని అమ్మేది మాత్రం నిజం. నేను బెంగుళూరుకు పోతాండా, ఆయన కాడికి. వచ్చే శుక్రవారం."

మరి రోజూ ఎందుకు అలా చెప్పావని అడిగేసరికి ఆమె తల దించుకుంది.

"పోతాండానని చెప్తే నువ్వు మంచిది పోయి రా అంటావు, లోపలికి పోయి రేడియో పెట్టుకుంటావు. బోరు ఏపిస్తానంటే వద్దు వద్దు అని రోజూ వస్తివి. ఇన్నేండ్లలో నన్ను వద్దు అనేకి ఒక మనిషి వచ్చింది మేడం. మా ఆయన అనడు, మా బిడ్డ అనదు. నువ్వంటావుంటే వినేకి బాగుండె."

మీరు నుంచి నువ్వుకు ఆమె ఎప్పుడు దిగిందో నేను గమనించలేదు. అప్పుడు గమనించాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆమె ఓదార్చలేదు, ఓదార్చడం ఆమెకు అలవాటు లేదు. నా చేతిలోంచి కాయ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. "ఉండాయి మేడం," అంది, నిజంగానే ఆశ్చర్యపోతూ. "నీళ్ళుండాయి." పిలక పీకేసి, పట్కారు మొనతో కాయ కన్ను పొడిచి, ముందు తను ఒక గుక్క తాగి నాకిచ్చింది. అన్ని రోజులు ఎండలో నిలబడి ఆ నీళ్ళు పులిసిపోయి వేడెక్కి ఉన్నాయి. ఇద్దరం ముఖాలు చిట్లించి, ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వడం మొదలుపెట్టాం. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. తర్వాత కాయను గడప మీద కొట్టి, కొబ్బరి కొంగులో వేసుకుని తింటూ అక్కడే కూర్చున్నాం. ఆమె ఇంక వచ్చే శుక్రవారం సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కాయ తినేశామని తెలిసి ఆటల సారు మనసు కరిగి చినిగిన వాలీబాల్‌ను బీరువాలోంచి తీశాడు. బొమ్మ దాంతోనే మండలానికి వెళ్ళింది. బహుమతి ఇంకో బడి చేసిన ఎత్తు దూకే పిల్లవాడికి వచ్చింది, మాకు పాల్గొన్నందుకు ఒక కాగితం ఇచ్చారు. తిరిగొచ్చిన బొమ్మను చూసి ఊళ్ళోవాళ్ళు, అసలు కాయ తీసేస్తే ఇంకేం పని చేస్తుందిలే అని మెల్లగా దండలు మానేశారు, నా గడప ఎక్కడం కూడా మానేశారు. గురువారం ఎనుములు పోయాయి. కొట్టంలోంచి కదలనని మొరాయించిన రెండోదాన్ని ఆమే వీపు నిమురుతూ రోడ్డుదాకా నడిపించుకుపోయింది. శుక్రవారం పొద్దున బస్సుకు నేనే సంచి మోశాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "లోపలికి పో, ఎండ" అంది. ఆ మాటా చివరికి వద్దనే మాటే. బస్సు మలుపు తిరిగేదాకా నేను లోపలికి పోలేదు. అడ్రసు అడగాలని గానీ, ఫోను నంబరు రాసుకోవాలని గానీ ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఉగాదికి వస్తారు కదా అనుకున్నాను. ఆ ఉగాదికి వాళ్ళు రాలేదు, మరుసటి ఉగాదికి నేను అక్కడ లేను.

ఆమె వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు, ఆగస్టు చివర్లో, ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. బాగా వచ్చింది, వంకలు పారాయి, కాలవలు నిండాయి, ఊరు ఊరంతా వాకిళ్ళలోకొచ్చి నిలబడింది. చేను గుత్తకు తీసుకున్నాయన, శెనక్కాయకు అదను దాటిపోయిందని ఉలవలు చల్లుకున్నాడు. నేను ఖాళీ అరుగు మీద, ఆమె పీట ఉండే చోట కూర్చుని, ఒలిచిన కాయల పొట్టు నీళ్ళలో తేలి వీధిలోకి కొట్టుకుపోతుంటే చూస్తున్నాను. ఒకే ఇంట్లో మేమున్న ఏళ్ళన్నీ పోగేస్తే, అందులో మేము కలిసి ఉన్నది కొన్ని సాయంత్రాలే, అవి కూడా ఆమె వెళ్ళిపోవడం ఖాయమయ్యాక వచ్చినవే. కాలం ఆలస్యంగా ఇచ్చినదాన్ని కూడా రెండు చేతులా తీసుకున్నాను, కాదనలేదు. అంతకుముందు ఇవ్వనందుకు మాత్రం దాన్ని ఈ రోజుకీ మన్నించలేకపోతున్నాను.